ఇవ్వని బ్యాగు

మనిషి ముందుకు పోతున్నాడని ఎవరైనా అంటే నాకు ఉయ్యూరు వెళ్లే ఒక బస్సు గుర్తొస్తుంది.

విజయవాడలోనే నిండిపోవడంతో నేను నిలబడ్డాను. పక్క సీట్లోని పెద్దాయన చేతులు చాచి, "బ్యాగు ఇలా ఇవ్వండి, ఒళ్లో పెట్టుకుంటాను" అన్నాడు. మా వైపు బస్సుల్లో కూర్చున్నవాళ్లు అలా అడగడం మామూలే. అయినా నేను "పర్లేదండీ" అని, బ్యాగు ముందుకు తిప్పుకుని జిప్పు మీద చెయ్యి వేశాను.

ఆయన నవ్వాడు. "మనిషి రాన్రాను ఎదుగుతున్నాడంటారా, దిగజారుతున్నాడంటారా?"

ఇలా మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. చివరికి ఏదో ఒక పాలసీ అంటగడతారు, లేదా స్కీములో చేరమంటారు.

"ఎదుగుతున్నాడుగా! చంద్రుడి మీదకే వెళ్లొచ్చాడు" అన్నాను ముక్తసరిగా.

"అదీ నిజమేలెండి" అన్నాడు.

ఆయన సంచిలోంచి కాగితాలు ఎప్పుడు తీస్తాడా అని కనిపెడుతూ నిలబడ్డాను.

పెనమలూరులో చంటిపిల్లతో ఒకామె ఎక్కింది. ఆయన లేవబోతే వారించింది. "కంకిపాడులో దిగిపోతాను బాబాయ్ గారూ, దీన్ని కాస్త పట్టుకోండి" అని పిల్లను ఆయన ఒళ్లో పెట్టేసి, పైన కడ్డీ పట్టుకుంది. ఆయనెవరో ఆమెకూ తెలియదు. పిల్ల ఆయన చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయింది.

కంకిపాడులో పిల్లను తల్లికి అందించి, ఆయనా దిగిపోయాడు. ఏమీ అమ్మలేదు. పోతూ పోతూ, "కూర్చోండి" అని నాకు సీటు చూపించాడు.

కూర్చోగానే జిప్పు తీసి చూసుకున్నాను. ఖాళీ టిఫిన్ బాక్సు, గొడుగు. రెండూ భద్రంగానే ఉన్నాయి.