ట్యాంకులో మిగిలిన గొంతు

పాటను అరుస్తూ పాడే మా బ్లాక్ మెటల్ బ్యాండులో ఇద్దరమే. గిటారు, రికార్డింగు నావి, అరుపులు మిత్రుడివి. అతని గొంతులో గడ్డకు ఆపరేషన్ చేయాలని, ఆ తర్వాత మాట రాకపోవచ్చని డాక్టర్లు చెప్పారు. ఈలోపే పాట పూర్తి చేద్దామన్నాడు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి సీజన్ అయిపోయి ఖాళీగా ఉంది. ప్రతిధ్వని బాగుంటుందని అక్కడి స్టీలు ట్యాంకులోకి దిగాం. తర్వాత పాటలోంచి వెనక రొదను సాఫ్ట్‌వేర్‌తో తీసేయాలంటే, ఏది రొదో దానికి చూపడానికి ముందుగా అక్కడి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసుకోవాలి. కదలొద్దన్నాను. రికార్డింగు నడుస్తుండగానే అతను గొణిగాడు.

"సూడప్పా, నా ఊపిరి నాకే తిరిగొస్తాండాది. ఈడ ఇంకెవురో ఉన్నట్టుండాది."

"ఉంటే ఆయప్పనీ నోరు మూసుకోమను."

ఆ ట్యాంకులోనే అతను పాటంతా అరిచాడు. ఆపరేషన్ తర్వాత అతనికి మాట రాలేదు. మధ్యలో మా మాటలు పడిన సంగతి మరిచి, మొదట రికార్డు చేసిన ముక్కనే నిశ్శబ్దమని సాఫ్ట్‌వేర్‌కు చూపించాను. అది రొదతోపాటు అతని గొంతునూ తీసేసింది. పాటలో మనిషి లేడు, ట్యాంకు రేకు అరుస్తోంది.

తీసేసిన రొదను విడిగా వినిపించాను. "సూడప్పా" అంది స్పీకరు. పక్కన కూర్చున్న అతని పెదాలు ఆ మాటకంటే క్షణం ముందే కదిలాయి. ఆ రొదను చెరిపేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. తిరిగి పాటలో కలిపేశాను.

ఆ పాట ఇప్పటికీ రొదతోనే ఉంది.