మత్తు డాక్టరు గదిలో అన్న మాట

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వెనకగదిలో కూర్చుని అద్దాలను అరగదీసి, ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. తిరిగే రాయి మీద నీళ్ళు చిమ్ముతుంటే ముంజేతుల నిండా తెల్లటి బురద పేరుకునేది. ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. చెల్లెలు గుర్తొచ్చిన రోజున మాత్రం చేతులు కాస్త గట్టిగా నొక్కేవి, అద్దం అంచు పెచ్చు లేచేది.

చెల్లెలు బడిలో బొమ్మలు నేర్పే టీచరు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒక కంట వెన్న, ఒక కంట సున్నం. చెల్లెలు అలిగి అన్నం మానేస్తే ఇల్లంతా చుట్టూ చేరి బతిమాలేది. అక్క మానేస్తే, "పోనీలే, రేప్పొద్దునకి ఉంటుంది" అని మూత పెట్టేవారు. దానికి తోడు చదువుకునే రోజుల్లో చెల్లెలికి జబ్బు చేసింది. కొన్నాళ్ళు నిద్రాహారాలు లేకుండా గోడల నిండా బొమ్మలు గీస్తూ గలగలా మాట్లాడేది. ఆ తరవాత నెలల తరబడి మంచం దిగేది కాదు. మనసు జబ్బుల డాక్టరు లిథియం మాత్రలు రాసి ఇచ్చాడు. అవి బాగా పనిచేశాయి, పిల్ల మళ్ళీ మనిషైంది. కానీ "దాని మనసు కష్టపెట్టకు" అన్నది ఇంట్లో చట్టమైపోయింది. తప్పెవరిదైనా తగ్గాల్సింది అక్కే.

"నీకేమే, రాయిలాంటిదానివి" అనేది తల్లి. ఆమె మెచ్చుకోలుగానే అన్నది. అక్కకు మాత్రం ఆ మాట ముల్లులా దిగేది.

చెల్లెలికి పెళ్ళయ్యాక కడుపుమంట రెట్టింపైంది. మరిది ఆ పిల్లను కంటికి రెప్పలా చూసేవాడు. తుమ్మితే కిటికీ మూసేవాడు. అక్క మొగుడూ మంచివాడే. ఒకసారి ఆమె ఒళ్ళు పేలిపోయే జ్వరంతో పడుకుని ఉంటే, మంచం దగ్గరకు వచ్చి, "కాఫీపొడి ఎక్కడ పెట్టావే?" అని మెల్లగా అడిగాడు. ఆమె ఆశగా చెప్పింది. ఆయన ఒక్క కప్పే కలుపుకున్నాడు.

మరిదికి జబ్బు సంగతి తెలియదు. చెల్లెలు ఆ మాత్రలు థైరాయిడ్‌కని చెప్పింది. పుట్టింటివాళ్ళకు తప్ప నిజం ఎవరికీ తెలియదు. మోతాదు మించితే ఆ మందే విషమవుతుంది కనుక అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాలి. దానికి అక్కే తోడు వెళ్ళేది.

ఇలా ఉండగా చెల్లెలికి పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి, ఆపరేషన్ అన్నారు. ముందురోజు మత్తు డాక్టరు పిలిస్తే చెల్లెలూ, మరిదీ, అక్కా ముగ్గురూ వెళ్ళారు.

"రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయామ్మా?" అని అడిగింది డాక్టరు.

"థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండీ" అంది చెల్లెలు.

ఇది దాచే విషయం కాదని అక్కకు తెలుసు. డాక్టరును పక్కకు పిలిచి చెవిలో చెప్పవచ్చుననీ తెలుసు. సరిగ్గా అప్పుడే మరిది తన శాలువా తీసి చెల్లెలి భుజాల మీద కప్పాడు. అంతే, ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం డాక్టరుగారూ! అది వేసుకునేది లిథియం. దానికి ఎప్పటి నుంచో మనసు జబ్బు. మా మరిదికి కూడా చెప్పలేదు" అంది, డాక్టరు వంక కాక మరిది వంకే చూస్తూ.

చెల్లెలు తల వంచుకుంది. డాక్టరు కాగితం మీద రాస్తున్నదల్లా ఆగింది.

"ఇప్పుడైనా చెప్పారు, మేలు. కండరాలు వదులవడానికి మేమిచ్చే మందు, లిథియం ఉన్న ఒంట్లో ఎక్కువసేపు పట్టు వదలకపోవచ్చు. మత్తు కూడా మామూలు కంటే తక్కువే సరిపోవచ్చు. తెలియకుండా ఇస్తే తొందరగా లేవరు, ఊపిరి సరిగా తీసుకోలేరు. నొప్పికి ఏం వాడుతున్నారు?"

మరిది ఒక మాత్రల అట్ట తీసి చూపించాడు. కడుపునొప్పి అన్నప్పుడల్లా అతనే ప్రేమగా తెచ్చి వేయిస్తున్నాడు.

"అయ్యో, ఇవి ఆపండి! లిథియం ఉప్పుకి దగ్గరి చుట్టం లాంటిది. మూత్రపిండాలే దాన్ని బయటకు పంపాలి. ఈ మాత్రలు వాటికి అడ్డం పడతాయి, లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు వణుకుతున్నాయా?"

చెల్లెలు చేతులు చాచింది. వేళ్ళు వణుకుతున్నాయి. రక్తపరీక్షలో లిథియం హద్దు దాటిందని తేలింది. ఆపరేషన్ వాయిదా వేసి, సెలైన్ పెట్టి, ఆ మాత్రలు ఆపించారు.

మరిది ముఖం మాడుతుందని అక్క ఎదురుచూసింది. అతను కుర్చీ భార్య వైపు జరుపుకుని, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అన్నాడు. అక్కకు ఏడుపొచ్చింది. జాలితో వచ్చిన ఏడుపు కాదది.

లిథియం తగ్గాక ఆపరేషన్ చేశారు. కండరాల మందు తగ్గించి ఇచ్చినా దాని పట్టు అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఉంది. పట్టు వదిలిందో లేదో చూడటానికి మణికట్టు దగ్గర చిన్న కరెంటు పెట్టి, బొటనవేలు గట్టిగా కదిలేదాకా ఆగి, అప్పుడు గొంతులోంచి ఊపిరి గొట్టం తీశారట. "మీవల్లే సిద్ధంగా ఉన్నాం" అని డాక్టరు మెచ్చుకుంటే అక్క నేల చూపులు చూసింది.

మరునాడు మరిది బయటకు వెళ్ళినప్పుడు చెల్లెలు మెల్లగా అడిగింది. "డాక్టరుకి విడిగా చెప్పొచ్చుగా అక్కా?"

"చెప్పొచ్చు."

"మరి?"

"కుళ్ళే. ఇంకేముంది? నిన్ను చూస్తే నాకు కుళ్ళు. చిన్నప్పటినుంచీ అంతే."

చెల్లెలు అక్క వైపు తిరిగింది. "నాకూ నువ్వంటే కుళ్ళే. నువ్వు అరిస్తే కోపం వచ్చిందంటారు. నేను అరిస్తే మాత్ర వేసుకున్నావా అంటారు. నాకు కోపం కూడా నాదని లేకుండా పోయిందే."

ఇన్నేళ్ళలో ఆ మాట అక్కకు తోచలేదు. అలాగని కడుపులో మంట ఆరిపోలేదు. రక్తపరీక్షలకు ఇప్పుడు మరిది తీసుకువెళుతున్నాడు. తనకు మిగిలిన ఆ ఒక్క అధికారమూ పోయిందని ఆమె కుమిలింది. ఆ సంగతి దాచకుండా చెల్లెలి ముందే అనేసింది. చెల్లెలు, "అయితే ఈసారి నువ్వే రా, ఆయన ఇంట్లో కుళ్ళుకుంటూ కూర్చుంటారు" అంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు, దారి పొడుగునా కీచులాడుకుంటూ.