కత్తిరించిన సంతకం

పెదబయలు సంతవీధిలో ఒక కిరాణా షావుకారు ఉండేవాడు. బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు దాచి, ఆటగాళ్ల సంతకాలు ఉత్తరాల్లోంచి కత్తిరించి వాటిపై అతికించేవాడు. విదేశాల్లోనూ ఈ పద్ధతి ఉందని గ్రంథాలయంలో చదివి నేనే చెప్పాను. అప్పటినుంచి ఎవరి ఉత్తరం చూపినా ముందు అడుగున సంతకమే చూసేవాడు.

మా మండలంలో అందరి వికెట్లూ పడగొట్టే కొండ రైతు ఒకడు అప్పుడే రాయడం నేర్చాడు. షావుకారు అతని ఫొటోతో ఒక కార్డు చేశాడు.

"ఇలా ఇయ్యండి బాబూ, సంతకం ఎట్టేత్తాను" అన్నాడు రైతు.

"అడిగితే ఎట్టినదానికి ఇలువేటి? నీ పనికి నువ్వు రాసుకున్న ఉత్తరం తే. దాన్లోంచి కోసుకుంతాను."

వారం తిరక్కుండా రైతు తన మొదటి ఉత్తరం తెచ్చాడు. "షావుకారు గారికి, మీ కందిపప్పులో రాళ్లు ఎక్కువ. మా అమ్మ పన్ను విరిగింది." కింద వంకరటింకర సంతకం.

షావుకారు పైన చదవనే లేదు. మురిసిపోతూ కత్తెర తీశాడు. రైతు ఉత్తరం వెనక్కి లాక్కున్నాడు.

"ఆగండి బాబూ. ముందు పప్పు బాగుసెయ్యండి, తర్వాత కొయ్యండి."

ఆ మధ్యాహ్నం షావుకారు బేరాలు మానుకుని, బస్తా పప్పు చేటలో పోసుకుంటూ రాళ్లు ఏరాడు. రైతు ఎదురుగా కూర్చుని, అతని కంటపడని రాళ్లు చూపిస్తూ పోయాడు.