సూది తొమ్మిది దాటితే

ఈ ఉదయం ఏడుంబావుకు మాత్రలు వేసుకుని కంప్యూటరు తెరిస్తే ఒక ఉత్తరం వచ్చి ఉంది. రాసినాయన ఎవరో నాకు తెలియదు. దూరపు రాష్ట్రంలో ఉంటాడట, రేడియో సరదా ఉన్నవాడట, మా తమ్ముడి పేజీ చూశాడట. ఇలాంటి పేజీలు ఎన్నో చూశాను గానీ కళ్లద్దాలు తీసి కూడా చదవగలిగింది మీదొక్కటేనని మెచ్చుకున్నాడు. నాలుగు వాక్యాలు. రెండుసార్లు చదివి మూసేశాను. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేశాను, మెప్పు చేదుగా తగలడం ఇదే మొదటిసారి.

మా తమ్ముడు నాకంటే ఆరేళ్ల నాలుగు నెలలు చిన్న. బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాడు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియో సెట్టుతో మాట్లాడుకునేవాళ్లను హ్యామ్‌లంటారు. వాడు ఆ జాతి. మిగతా హ్యామ్‌లు ఎంత దూరం మాట్లాడామో చెప్పుకుని మురిసిపోతే, వీడికి దగ్గరి దూరాల పిచ్చి. గోదావరి పెరిగినప్పుడల్లా దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో కరెంటు పోయి, టవర్లు ఆగి, ఫోన్లు మూగబోతాయి. అప్పుడు ఎక్కడ సెట్టు పెట్టుకుని కూర్చుంటే మాట భద్రాచలం చేరుతుందో ముందే తెలిసి ఉండాలని వాడి పట్టుదల. వారానికొక్క చోటు చొప్పున ఇరవై మూడు చోట్లు, ఒక్కో చోట పదేసిసార్లు, మొత్తం రెండు వందల ముప్పై కొలతలు. నాలుగేళ్ల ఐదు నెలలు పట్టింది. సాయంత్రం ఐదింటికి భద్రాచలంలో వాడి స్నేహితుడు మైకు పట్టుకుని ఒకటి నుంచి పది దాకా చదివేవాడు. ఇక్కడ వీడు స్కూటరు చెట్టుకు ఆనించి, మాట అందిన బలానికి సెట్టు మీటరులో సూది ఎంతవరకు లేచిందో తేదీతో సహా రాసుకునేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. ఏప్రిల్ నెల, ఇప్పపూలు రాలి అడవంతా పులిసిన తీపి వాసన. "ఊపిరి గట్టిగ తియ్యకు అక్కా, సూది కదులుతది," అన్నాడు. నిజమేననుకుని నిమిషం సేపు బిగబట్టాను. ఆ సంగతి వాడు మా చర్చిలో సగం మందికి చెప్పి నవ్వించాడు.

కొలతలు ముగిసిన తర్వాతి ఏడు వాడి కిరాయి ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. నోటుపుస్తకాలు మంచం కింద ఉన్నాయి. వాడిది ఇంకు పెన్ను. ఆరబెడితే నీలపు మరకలు మిగిలాయి, అంతే. అప్పటికే అంకెలన్నీ కంప్యూటరులో తన పేజీలోకి ఎక్కించి ఉన్నాడు కాబట్టి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం. కానీ ఆ పేజీ చూడాలంటే గుండె ధైర్యం కావాలి. నల్లటి నేల మీద చీమలంత ఆకుపచ్చ అక్షరాలు, మూలన మిణుకు మిణుకుమనే టవరు బొమ్మ, పైన ఒక వాక్యం కుడి నుంచి ఎడమకు ఊరికే పరుగెత్తుతూ ఉంటుంది.

"ఇది మనుషులు సదివేదారా, మిణుగురు పురుగులు సదివేదా?" అని అడిగాను.

"హ్యామ్‌లకు కండ్లు మంచిగుంటయ్ అక్కా," అన్నాడు, అప్పటికే షుగరుకు కుడికన్ను పోగొట్టుకున్న మనిషి.

నేను రిటైరయ్యాక భద్రాచలంలో ఎనిమిది నెలలు కంప్యూటరు క్లాసుకు వెళ్లి ఇలాంటి పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాను. కాబట్టి పూనుకున్నాను. నేల తెల్లగా చేశాను, అక్షరాలు నల్లగా, పెద్దగా పెట్టాను, మిణుకుమనేదాన్నీ పరుగెత్తేదాన్నీ ఆపేశాను. అయినా ఫోనులో చూస్తే రెండు వందల ముప్పై వరుసలు. పీకల మీదికి నీళ్లొస్తున్నవాడు టవరు ఆగేలోపు అవన్నీ లాగుతూ కూర్చుంటాడా? చోటుకొక్క అంకె ఉంటే చాలనుకున్నాను. పది కొలతలకూ సగటు వేసి, పెద్ద అంకె ఉన్న చోటును పైన పెట్టాను. కొన్ని వరుసల్లో 9+20 అని ఉంది. లెక్కను మధ్యలో వదిలేసిన పిల్లలంటే నాకు బడిలోనే గిట్టేది కాదు. కూడి ఇరవై తొమ్మిది అని వేసుకున్నాను.

"ఒరేయ్, పాత వరుసలు తీసేయనా?" అని అడిగాను.

"తీసెయ్ అక్కా. నువ్వు ఏసిన లెక్కకు తిరుగేముంది?"

తీసేశాను. తేదీలతో సహా.

పోయిన జులైలో ఖమ్మం వైపు నుంచి నలుగురు హ్యామ్‌లు వచ్చారు, వరద రాకముందే వానలో ఒకసారి సాధన చేద్దామని. ఇద్దరు భద్రాచలంలో ఉన్నారు, ఇద్దరు మా పేజీలో మొదటి పేరైన గుట్ట ఎక్కారు. దాని అంకె పదహారు. వెదురు పొదల మధ్య గొడుగు పట్టుకుని పదింటి నుంచి రెండున్నర దాకా కూర్చుంటే ఒక్క మాట అవతలికి చేరలేదు. అదే ఊళ్లో బడి వరండా ఉంది, పేజీలో దాని అంకె ఎనిమిది. అక్కడికి వెళ్లాలని ఎవరికి తోస్తుంది? సాయంత్రం వాళ్లలో ఒకాయన, కారేపల్లి వైపు సైన్సు టీచరు, తడిసిన బట్టలతో మా ఇంటికి వచ్చాడు. రెండో కన్నూ పోయి మా తమ్ముడు అప్పటికి నా దగ్గరే ఉంటున్నాడు.

"గా గుట్ట మీద వానల ఎవరు కూసోమన్నరు సార్ మిమ్మల్ని?" అని నవ్వాడు తమ్ముడు. "గది ఎండకాలం ఆకు రాలినంకనే పలుకుతది."

"మీ పేజీల మొదటి పేరే గదన్నా. పదహారున్నది."

"పదహారేంది? మీటర్ల తొమ్మిదే ఆఖరు గద. అక్కా, ఏం జేసినవ్?"

అప్పుడు వాడు చెప్పాడు. సూది తొమ్మిది దాటాక స్కేలు మారిపోతుంది. తర్వాతి ఇరవై వేరే కొలత, తొమ్మిదిలో కలిసేది కాదు. మూడు గజాల ఇరవై అంగుళాల గుడ్డను ఇరవై మూడు అని రాసినట్టు చేశాను నేను. గుట్ట మీద ఎండల్లో ఐదుసార్లు 9+20 వచ్చిందట, వానల్లో ఐదుసార్లు మూడే వచ్చిందట. బడి వరండాలో మాత్రం ఏ కాలమైనా ఎనిమిదేనట. చేతిలో ఉన్న చర్చి కవరు వెనక వేసి చూశాను. ఐదు ఇరవైతొమ్మిదులు నూట నలభై ఐదు, ఐదు మూళ్లు పదిహేను, మొత్తం నూట అరవై, పదితో భాగిస్తే పదహారు. లెక్క సరిగ్గా సరిపోయింది. నా జీవితంలో ఒక లెక్క తప్పయితే బాగుండునని కోరుకున్నది ఆ ఒక్కసారే.

సరిచేశాకే పేజీ మారుద్దామని పదకొండు నెలలు కూర్చున్నాను. రోజూ టీ తాగాక వాడిని అడిగేదాన్ని, ఫలానా చోట వానల్లో ఎంత, ఎండల్లో ఎంత అని. గుట్ట, బడి, మరో రెండు గుర్తున్నాయి. మిగతా పంతొమ్మిది గుర్తులేవు. అవతల అంకెలు చదివిన స్నేహితుడు జనవరిలో పోయాడు. ఉన్నా లాభం లేదు, ఆయన చదివాడే గానీ రాసుకోలేదు. మళ్లీ కొలుద్దామంటే ఖమ్మం వాళ్లకు ఉద్యోగాలున్నాయి, ఏడాదికొకసారి వస్తారు. వారంలో వానలు పడతాయి.

ఈ ఉదయం ఉత్తరం చదివి వినిపించి, పేజీ తీసేస్తానన్నాను.

"తీసేసుడెందుకు? మొదలు సూసేటోళ్లకు చెప్పు," అన్నాడు వాడు, గోడ వైపు తిరిగి. "అందరు సదివేటట్టు చేసినవ్ గద. తప్పని గూడ గంత పెద్దగనే రాయి. వాన్లొస్తున్నయ్, ఎవరో పోయి మళ్ల గుట్టెక్కి కూసుంటరు."

రాశాను. పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, ఈ అంకెలను నమ్మవద్దని. అంకెలన్నీ తీసేసి, వాడికి గుర్తున్న నాలుగు చోట్లు ఏ కాలంలో పలుకుతాయో మాత్రం ఉంచాను. ఇరవై మూడులో నాలుగు.

"మంచిగ కనవడుతున్నదా?"

"అవ్‌రా. మస్తు కనవడుతున్నది."

వాడు తలాడించి, సెట్టు లేని చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పద్నాలుగో ఏటి నుంచి నా డైరీలో తేదీ లేకుండా ఒక్క మాట లేదు. వాడి నాలుగేళ్ల ఐదు నెలలకు మాత్రం ఒక్క తేదీ మిగల్చలేదు. గడిచిన రోజు తిరిగి రాదని అందరికీ తెలుసు. అది గడిచిందని చెప్పే వరుస కూడా లేకపోతే, ఆ రోజు అసలు వచ్చినట్టే ఉండదు.