చెవిగారి సొంత డబ్బా

ఏ వస్తువు చేతికొచ్చినా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి, లోపలి చప్పుడు వింటే గానీ మావయ్యకు దాని మీద నమ్మకం కుదిరేది కాదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. చేత్తో చుట్టలు చుట్టే కార్ఖానాలో ఆయన పరీక్షకుడు. పళ్ళేల్లో వచ్చిన ఒక్కొక్క చుట్టనూ చెవి పక్కన దొర్లించాలి. ఆకు మరీ ఎండితే గలగలమంటుంది, తడి ఎక్కువైతే నోరు మూసుకుంటుంది. తర్వాత వేళ్ళతో నొక్కి లోపలి పొగాకు కూర్పు చూడాలి. కూర్పు గట్టిపడితే పొగ రాదు, వదులైతే భగ్గున మండిపోతుంది. అన్నీ సరిపోతే తల ఊపుతాడు. లేకపోతే "కూర్పు చెడింది" అని పక్కన పడేస్తాడు. కార్ఖానాలో అందరూ ఆయన్ను "చెవిగారు" అనేవారు, ఆయన ముందే.

ఆ విద్య కార్ఖానా గడప దాటకుండా ఉంటే బాగుండేది. కూరల బజారులో దోసకాయలను చెవి దగ్గర దొర్లించేవాడు. పెన్సిలు కొనబోతే దుకాణదారు అటు తిరిగి నవ్వుకునేవాడు. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు నోట్లో పెట్టిన థర్మామీటరును బయటికి లాగి, చెవి దగ్గర దొర్లించి, "ఇందులో కూర్పు వదులుగా ఉందండి" అన్నాడు.

"మీకు జ్వరం బాగా ఉందండి" అన్నాడు డాక్టరు.

మేనల్లుడు అదే కార్ఖానాలో అమ్మకాల గుమాస్తాగా చేరిన రోజున కూడా ఇదే వరస. మావయ్య అతని చూపుడువేలు పట్టుకుని, చెవి దగ్గరికి లాక్కుని, కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

"పై ఆకు నిగనిగలాడుతోందిరా అల్లుడూ. లోపలే ఏమీ కూరలేదు."

ఆ మాట నిజమేనని మేనల్లుడికి ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. సరుకు నాణ్యం పట్టడంలో మావయ్యను మించిన పారఖీ అనిపించుకోవాలని పంతం పట్టాడు. చుట్టకూ తాడుముక్కకూ తేడా తెలియని మనిషి, చేరిన కొన్నాళ్ళకే కొనేవాళ్ళ ముందు కళ్ళు మూసుకుని, "ఆహా, తొలివాన పడ్డ మట్టి... కాస్త తేనె... వెనకాల ఎక్కడో పాత పుస్తకం" అనడం మొదలుపెట్టాడు. వాళ్ళు కూడా గాలి పీల్చి "అవునవును" అనేవారు. ఒకసారి చుట్ట వెలిగించకుండానే అతను ఇదంతా చెప్పేశాడు. అయినా అవునవునన్నారు.

మావయ్య దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. సాయంత్రం పరీక్ష అయ్యాక పళ్ళేల్లోంచి కొన్ని చుట్టలు ఏరి అందులో వేసుకుని, "ఇవి నాకు" అనేవాడు. పరీక్షకుడికి ఆ మాత్రం హక్కు ఉండాలని యజమాని కూడా ఊరుకునేవాడు. ఒక్కొక్కరి పళ్ళెంలో ఒకటీ అరా తీసినా, పెద్దక్క పళ్ళెంలో మాత్రం గుప్పెడు తీసేవాడు.

పెద్దక్క అంటే కార్ఖానాలో అందరికంటే ముందునుంచీ చుట్టలు చుడుతున్న ఆవిడ. ఆవిడ చుట్ట తల దగ్గర వేసే మెలి చూస్తే ఎవరైనా గుర్తుపడతారు, బుజ్జి కొప్పులా ఉంటుంది. "నా చుట్టలంటే చెవిగారికి ప్రాణం. మంచివన్నీ ఆయనే ఎత్తుకుపోతే కొనేవాళ్ళకేం మిగులుతాయమ్మా?" అని తిట్టినట్టే తిట్టి మురిసిపోయేది. మిగతావాళ్ళు కుళ్ళుకునేవారు. అందరికంటే ఎక్కువగా కుళ్ళుకున్నది మేనల్లుడు.

"మావయ్యా, నాకొకటి ఇవ్వకూడదూ?"

"నువ్వు తట్టుకోలేవురా."

ఆ మాటతో పంతం ఇంకా పెరిగింది. ఒక మధ్యాహ్నం మావయ్య భోజనానికి వెళ్ళినప్పుడు, మేనల్లుడు డబ్బాలోంచి ఒక చుట్ట కొట్టేసి, ఆకు నిలవచేసే గదిలో చేరి వెలిగించాడు. పొగ రాలేదు. గట్టిగా లాగాడు. బుగ్గలు లోపలికి పోయి రెండూ కలుసుకున్నంత పనైంది గానీ పొగ రాలేదు. ఇంకా లాగితే ఒక్కసారిగా ఇంత ఘాటు వచ్చి గొంతులో పడింది. దగ్గి దగ్గి ఆకుల బస్తా మీద కూలబడ్డాడు.

బుర్ర ఉన్నవాడైతే ఆ చుట్ట బాగాలేదనుకుంటాడు. మన పారఖీ అలా అనుకోలేదు. 'గొప్ప సరుకంటే ఇలాగే ఉంటుంది కాబోలు! అంత సులువుగా లొంగుతుందా?' అనుకున్నాడు. నోరు పొక్కినా చివరిదాకా లాగాడు. తనలాంటి నిపుణుడికే ఆ రుచి అందిందని కళ్ళు తుడుచుకుంటూ గర్వపడ్డాడు.

కొద్ది రోజులకే ఒక పెద్ద టోకు వ్యాపారి సరుకు చూడటానికి వచ్చాడు. ఆయన ఒప్పుకుంటే కార్ఖానాకు ఏడాదంతా పని. యజమాని చేతులు నలుపుకుంటూ, "మన దగ్గర ఉన్నవాటిలో మేలైనది తెప్పించవయ్యా" అన్నాడు.

"మేలైనవి పళ్ళేల్లో ఉండవండి" అని మేనల్లుడు గొంతు తగ్గించాడు. "మావయ్య సొంత డబ్బాలో ఉంటాయి. నేను రుచి చూశాను. మామూలు వాళ్ళకి అర్థం కావు."

మామూలు వాళ్ళలో చేరడం వ్యాపారికి ఇష్టం లేకపోయింది. మావయ్య ఆకు గదిలో ఉన్నాడు. మేనల్లుడు డబ్బా తెచ్చి, మూత తీసి, చుట్ట అందించి, తనే అగ్గిపుల్ల గీశాడు.

వ్యాపారి లాగాడు. మళ్ళీ లాగాడు. మొహం ఎర్రబడింది.

"తొందరపడకండి, అది నెమ్మదిగా మాట్లాడుతుంది" అన్నాడు మేనల్లుడు.

ఈలోగా పై ఆకు ఊడి వేలాడింది. లోపలి ముక్క నిప్పుతో సహా జారి వ్యాపారి ఒళ్ళో పడింది. ఆయన గెంతిన గెంతుకు కుర్చీ వెనక్కి పడింది. మేనల్లుడు బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, నిప్పు ఆరిపోయాక, ఆయన ఒళ్ళో గుమ్మరించాడు.

యజమాని ఊగిపోయాడు. "ఎవరు చుట్టారిది? చెప్పండి! ఈ క్షణమే బయటికి పంపించేస్తాను!"

ఆ కేకలకు మావయ్య పరుగెత్తుకొచ్చాడు. మేనల్లుడు నేలమీద పడ్డ చుట్టను తీసి చూశాడు. తల దగ్గర బుజ్జి కొప్పు. తెరిచి ఉన్న తలుపులోంచి హాల్లో పెద్దక్క కనిపిస్తోంది. ఆకు పరుస్తోంది. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. రెండు వేళ్ళు సరిగ్గా వంగక, ఆకును అరచేత్తో నెట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ రోజూ ఆ హాల్లోంచే నడిచినా, కొనేవాళ్ళకు తేనె వాసన చూపించే హడావిడిలో ఆ వేళ్ళ వంక అతనొక్కసారీ చూడలేదు. మావయ్య ఏరి తీసుకుపోతున్నది మంచివి కాదు, చెడినవి. వాటిని రోజూ తనే కాల్చేస్తున్నాడు. సిగ్గుతో మేనల్లుడికి తల కొట్టేసినట్టయింది. కొప్పును గోటితో గిల్లేసి జేబులో వేసుకుని, డబ్బా మూత పెట్టేశాడు.

"నేనే చుట్టానండి" అన్నాడు మావయ్య.

"నువ్వా? నీకు చుట్టడం వచ్చా?"

"రాదని తెలుస్తూనే ఉందిగా."

యజమాని అనుమానంగా చూశాడు. "మరి ఏరుకునేవన్నీ?"

"అవి ఇంట్లో. ఈ డబ్బా నా సాధన కోసం."

"నిజమేనండి" అన్నాడు మేనల్లుడు. "దొంగతనంగా చుట్టుకుంటుంటే నేను కళ్ళారా చూశాను. మొహమాటం కొద్దీ గొప్పగా ఉన్నాయన్నాను."

"అయితే ఇప్పుడొకటి చుట్టి చూపించు" అన్నాడు యజమాని.

హాల్లోంచి ఆకూ పీటా తెచ్చి పెట్టారు. పని ఆగిపోయింది. చుట్టేవాళ్ళంతా లేచి బల్ల చుట్టూ మూగారు. ఎన్నో ఏళ్ళుగా తమ పనికి వంకలు పెట్టిన మనిషి పీట మీద కూర్చున్నాడంటే మరి చూడద్దూ! మావయ్య ఆకు తీశాడు, చింపాడు. ఇంకోటి తీశాడు, తిరగేసి పరిచాడు. అరచేతులతో కాసేపు పామితే, దెబ్బ తగిలిన బొటనవేలికి కట్టిన కట్టు లాంటిదొకటి తయారైంది. అలవాటు కొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని దొర్లించాడు. అది అక్కడే విడిపోయి కాలరులోకి రాలింది.

ఆ నవ్వులకు కిటికీలు అదిరాయి. తడిబట్టలతో ఉన్న వ్యాపారి కూడా పడ్డ కుర్చీ లేపుకుని కూర్చుని నవ్వాడు. "ఈయన పరీక్షకుడా! సరే, ఈ చెవితోనే నాకొక మంచిది ఏరి ఇవ్వండి" అన్నాడు. మావయ్య పళ్ళెంలోంచి ఒకటి ఏరి ఇచ్చాడు. వ్యాపారి దాన్ని తృప్తిగా కాల్చి, సరుకు పంపమన్నాడు. మేనల్లుడు ఆ చుట్టలో తేనె వాసన గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

పెద్దక్కకు మాత్రం జాలేసింది. "అయ్యో చెవిగారూ, ఈనె అటు తిప్పాలండీ. అడిగితే నేర్పించనా? పాపం, అలాంటివి చుట్టుకుని కాలుస్తున్నారా!"

"నేర్పించండి మరి" అన్నాడు మావయ్య బుద్ధిగా.

సాయంత్రం మావయ్య మామూలుగానే పళ్ళేలు చూసి, పెద్దక్క పళ్ళెంలోంచి గుప్పెడు ఏరుకుని, కార్ఖానా వెనక మెట్ల మీదికి వచ్చాడు. మేనల్లుడు తల వంచుకుని పక్కన కూర్చున్నాడు. చీవాట్లు పడతాయనుకున్నాడు. మావయ్య డబ్బా మూత తీసి, చుట్టలను రెండు వాటాలు వేసి, ఒకటి అతని వైపు జరిపాడు.

"మావయ్యా, నాకొద్దు!"

"అంత పొగిడావటగా. రోజూ సగం నీవి. నా ఛాతీకి కూడా కాస్త తెరిపి ఇవ్వరా."

ఇద్దరూ వెలిగించారు. ఇద్దరి బుగ్గలూ లోపలికి పోయాయి. అంతలో పెద్దక్క సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరి వాళ్ళ ముందు ఆగింది. మేనల్లుడి నోట్లో చుట్టను చూసి మొహం వెలిగిపోయింది.

"నాదేగా బాబూ? ఎలా ఉందేం?"

మేనల్లుడు దగ్గు ఆపుకుంటూ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు పెద్దక్కా. చూడు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తున్నాయి."

"చాల్లే, మరీను!" అని ఆవిడ సిగ్గుపడి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మావయ్య మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఈలోగా మేనల్లుడి చుట్ట ఆరిపోయింది. అతను ఇంకో అగ్గిపుల్ల గీశాడు.