వడ్లగింజంత వంపు

చర్ల దాటాక తారు రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి ఎర్రమట్టి. ఆషాఢం ముసురు. మధ్యాహ్నం రెండు గంటలకు పోలీసు క్యాంపు గేటు ముందు దిగాను. నా సామాను ఒక ట్రంకు పెట్టె, దోమతెర, రెండు జతల ఖాకీ బట్టలు, రెయిన్‌కోటు. ఇచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవి. మునివేళ్ల దగ్గర గుడ్డ కుక్కుకున్నాను. క్యాంపు చుట్టూ ముళ్లతీగ, ఇసుక బస్తాలు, మూలమూలకూ కాపలా మంచె. అవతల టేకు చెట్లు. ఆ చెట్ల అవతల ఛత్తీస్‌గఢ్.

నేను హోంగార్డును. నా భర్త ఆ ఉద్యోగంలో ఉండగా జబ్బు చేసి పోయాడు. ఆ ఉద్యోగమే నాకిచ్చారు. బూర్గంపాడులో మా పొలంలో ట్రాక్టరు నేనే నడిపేదాన్ని. లైసెన్సు ఉంది. అందుకని డ్రైవరుగా పంపారు. అప్పటికి నాకు చదువు లేదు. సంతకం అంటే బొటనవేలు చాపేదాన్ని.

ఇన్‌స్పెక్టరు సారు రేకుల షెడ్డు దగ్గరికి తీసుకెళ్లారు.

"నీ బండి అదేనమ్మా. చూసి భయపడకు."

పాత జీపు. దాదాపు నా వయసుది. మామూలు జీపు కంటే జానెడు ఎత్తుగా ఉంది. ఎక్కాలంటే చక్రం మీద కాలు పెట్టాలి. ఎందుకింత ఎత్తంటే, క్యాంపుకూ చర్లకూ మధ్య ఒక వాగు. వానాకాలం నీళ్లు ఇంజను దాకా వచ్చేవి. ముందటేడు ఎవరో బండి బరువు మోసే కమాన్‌కట్టల్లో అదనపు పట్టీలు వేసి, వెనక పొడుగాటి లింకులు బిగించి బండిని లేపారు. నీళ్ల బాధ తీరింది. ఇంకో బాధ మొదలైంది.

జీపు కింద ఒక ఇనప కడ్డీ ఉంటుంది. షాఫ్టు అంటారు. ఇంజను బలాన్ని గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు అదే తీసుకుపోతుంది. దానికి అటో కీలు, ఇటో కీలు. బండి తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఆ కడ్డీ దాదాపు పడుకుని తిరుగుతుంది. మా బండిలో అది గోడకు వేసిన నిచ్చెనలా నిలబడింది. తిరిగిన ప్రతిసారీ కీళ్లు మెలికపడేవి. వేగం ముప్పై దాటితే అద్దం మోగేది. నలభై దాటితే మా పళ్లు మోగేవి.

రెండు సీట్ల మధ్య గేర్‌బాక్స్ మీద ఒక ఇనప మూత ఉంది. ఎత్తుగా, గుండ్రంగా, ఎద్దు మూపురంలా. మేమంతా దాన్ని మూపురం అనే పిలిచేవాళ్లం. దాని మీద చెయ్యి ఆనిస్తే మోచేతి దాకా తిమ్మిరి. నీళ్ల సీసా పెడితే చర్ల చేరేలోపు నాలుగుసార్లు కింద పడేది.

నాతో పాటు రోజూ జీపులో వచ్చేది వైర్‌లెస్ ఆపరేటరు. బోనకల్ పిల్లవాడు. నోరు ఊరుకోదు.

"అక్కా, బండి దిగినంక గూడ నా సెట్టు వణుకుతనే ఉన్నది. మలేరియా వచ్చిందేమో సూడు."

"సెట్టుకు కాదు తమ్మీ, నీ మాటలకొచ్చింది."

నాకు అక్షరాలు రావని తెలిసిన రోజే వాడు చర్ల సంతలో ఒక పలక, సుద్దముక్కలు కొనుక్కొచ్చాడు. "దీపావళిలోపల నీతోని పేపరు చదివియ్యకపోతే నేను మీసం తీసేస్త" అన్నాడు. వాడికి అప్పటికి సరిగా మీసమే లేదు. పలక నా ట్రంకు పెట్టె మీద ఉండిపోయింది. రోజూ రాత్రి చూసేదాన్ని. ముట్టుకోవడానికి సిగ్గు.

శ్రావణం మొదట్లో బియ్యం బస్తాలతో వస్తుండగా కింద ఫాట్‌మని పేలింది. ఆపరేటరు చెట్టు చాటుకు దూకేశాడు. నేను స్టీరింగు వదలలేదు. పేలింది బాంబు కాదు, వెనక కీలు. షాఫ్టు ఒక కొన కిందపడి మట్టిని దున్నుతోంది. నాగలి దున్నినట్టే చాలు పడింది. క్యాంపు నుంచి మనుషులు వచ్చాక కొందరం బస్తాలు మోసుకుని, కొందరం జీపును తోసుకుంటూ మిగతా దారి నడిచాం.

మూడు రోజుల తర్వాత మెకానిక్ వచ్చాడు. కొత్తగూడెం వైపు మనిషి. బొగ్గు గనుల దగ్గర లారీలు బాగుచేసి రిటైరయ్యాడట. నడుము లోతు వాగును పానాల పెట్టె నెత్తిన పెట్టుకుని దాటాడు. వచ్చీరాగానే జీపు కిందికి దూరాడు. ఒక్కో కీలూ తట్టి చూశాడు.

ఇన్‌స్పెక్టరు సారు వంగి అడిగారు. "కొత్త జాయింటు ఏసెయ్, అయిపోతది గదా?"

"ఏస్త సార్. నెలకు అది గూడ ఇరుగుతది." కింది నుంచే జవాబు. "రోగం జాయింటుకు లేదు. బండికి కాళ్లు పెంచిండ్రు, నడుం సంగతి మర్శిండ్రు."

"ఎన్ని రోజులు?"

"నాలుగు. చాయ్ మంచిగుంటే మూడు."

షాఫ్టు మొత్తం విప్పేశాడు. అప్పుడు గేర్‌బాక్స్ వైపు ఒక ఇనప బిళ్ల, వెనక ఇరుసు వైపు ఒక ఇనప బిళ్ల ఒకదానికొకటి ఎదురుగా కనిపించాయి. ఆ రెండు బిళ్లలూ ఒకే వాలులో ఉండాలట. ఇక్కడ అవి లేవు. వెనకది ఆకాశం చూస్తోంది. ఎంత తేడా ఉందో కొలవాలి. కొలిచే సామాను తేలేదు. నాలుగు అంచులూ తిన్నగా ఉన్న పలక ఏదైనా కావాలన్నాడు.

ఆపరేటరు లోపలికి పరిగెత్తి నా పలక పట్టుకొచ్చాడు.

"ఎవలది?" అన్నాడు మెకానిక్.

"అక్కది. ఇంతవరకు ముట్టుకోలే."

"ఇయ్యాల ముట్టుకుంటది. రా చెల్లె, కిందికి రా."

దారానికి ఒక నట్టు కట్టి పలక పైఅంచున వేలాడదీశాడు. పలక పక్కఅంచును గేర్‌బాక్స్ బిళ్లకు ఆనించాడు. దారం ఊగి ఊగి నిలబడింది. "గీయ్" అన్నాడు. దారం వెంట సుద్దతో గీత గీశాను. నా పలక మీద మొదట పడింది అక్షరం కాదు, ఆ గీత. తర్వాత పలక రెండో అంచును వెనక బిళ్లకు ఆనించాం. దారం గీతకు రెండు వేళ్ల దూరంలో పడింది.

"ఈ రెండు వేళ్ల తేడానే మనల్ని ఊపుతున్నది" అన్నాడు.

మందు కూడా చెప్పాడు. గేర్‌బాక్స్‌ను కొంచెం కిందికి దించితే నిచ్చెన వాలు తగ్గుతుంది. వెనక ఇరుసుకూ కమాన్‌కట్టకూ మధ్య ఒకవైపు లావు, ఒకవైపు సన్నం ఉన్న ఇనప ముక్కను లావు మొన వెనకకు పెట్టి కొడితే ఇరుసు తిరిగి, దాని ముక్కు దిగుతుంది.

"నాగలి ఎక్కువ లోతు దిగితే చీల మార్చి కొడ్తం. గట్లనేనా అన్నా?" అని అడిగాను.

"అవ్, గట్లనే." సంతోషపడ్డాడు. "ఇంకొకటి ఇను. ఇంజను గుంజినప్పుడు ఈ ముక్కు పైకి లేస్తది. బరువు గుంజే ఎద్దు కాడి ఎత్తినట్టు. అందుకే బండి నిలబడ్డప్పుడు గీత మీదనే ఉంటే సరిపోదు. గీతకు వడ్లగింజంత కిందికి చూడాలె."

రెండు రోజుల్లో గేర్‌బాక్స్ కింద దిమ్మెలు పెట్టి దించాడు. ఇనప పట్టీ కోసి రెండు చీలలు ఆకురాయితో అరగదీశాడు. ఆకురాయి చప్పుడు క్యాంపంతా వినిపించేది. మూడో రోజు పొద్దున ఆ చప్పుడు లేదు.

వెళ్లి చూస్తే మెకానిక్ మూడు దుప్పట్ల కింద వణుకుతున్నాడు, మంచం ఊగుతోంది. క్యాంపులో రక్తపు చుక్కతో చేసే పరీక్ష ఉంటుంది. మలేరియా. మాత్ర వేస్తే వాంతి. ఇంకోటి వేస్తే మళ్లీ వాంతి. పది గంటలకు మాట తడబడింది. నన్ను ఎవరి పేరుతోనో పిలిచాడు.

ఆపరేటరు సెట్టులో భద్రాచలం దవాఖానా డాక్టరు మాట తీసుకున్నాడు. మాత్రలతో ఆగదు, సూది ద్వారా మందు పోవాలి, సాయంత్రం లోపు తీసుకురండి అని. అంబులెన్సు చర్ల దాకానే వస్తుంది. వాగు దాటలేదు. డోలీ కట్టి మోద్దామంటే వాగు నడుము పైకి పెరిగింది, ఆ వడికి కాలు నిలవదు. దాటగలిగింది మా జీపొక్కటే. దాని షాఫ్టు గోడకు ఆనించి ఉంది.

ఇన్‌స్పెక్టరు సారు మెకానిక్ మంచం పక్కన కూర్చున్నారు. "ముందు చక్రాలకు గూడ ఇంజను బలం పోతది గదా, వాటితోనే పోనిద్దామా?"

జ్వరంలోనూ ఆ ప్రశ్న అందింది. "సాపు రోడ్డు మీదైతే పోతది సార్. వాగు ఒడ్డెక్కేటప్పుడు బరువంత ఎనకకు పడ్తది. ముందటి చక్రాలు గుంజయ్. నడిమిట్లనే ఉంటం." కళ్లు మూసి, తెరిచి నా వైపు చూశాడు. "చెల్లె చేస్తది. చీలలు తయారున్నయ్. పలక ఉన్నది."

మంచాన్ని షెడ్డులోకి మోసుకొచ్చాం. పన్నెండు గంటలకు నేను, ఆపరేటరు కిందికి దూరాం. రేకుల మీద వాన. కమాన్‌బోల్టులు వదులు చేశాం. ఇరుసును జాకీతో లేపాం. చీలలు పెట్టాం. బోల్టులు బిగించాం. పలక ఆనించాను. దారం గీత దగ్గరికి రాలేదు. ఇంకా దూరం పోయింది. రెండు వేళ్ల తేడా నాలుగు వేళ్లయింది.

గంటన్నర పోయింది. పైకి చెప్పాను.

మంచం మీద నుంచి పళ్లు కొట్టుకునే చప్పుడు. దాని మధ్యలో నవ్వు. "లావు మొన ఏ దిక్కు పెట్టిండ్రు?"

"నువ్వన్నట్టు ఎనక దిక్కే అన్నా."

"ఎవలి ఎనక? నీ కాళ్లు ఏ దిక్కున్నయ్?"

ఇద్దరం జీపు ముందు నుంచి దూరి, తల వెనకకు పెట్టి పడుకున్నాం. మా కాళ్ల వైపే వెనక అనుకుని పెట్టేశాం. ఆపరేటరు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను.

"జీపు ఎనక, చెల్లె. జీపు ఎనక" అని దుప్పటి కప్పుకున్నాడు.

మళ్లీ విప్పాం. చీలలు తిప్పాం. బిగించాం. ఈసారి దారం ఊగుతూ గీత దగ్గరికి వచ్చింది. గీతను దాటింది. ఒక్క వడ్లగింజంత. అక్కడే నిలిచింది.

పలకను మంచం దగ్గరికి తీసుకెళ్లి దారం ఆగిన చోటు చూపించాను. ఆయన చూపుడువేలుతో ఆ సందును తడిమి తలూపాడు. కొత్త జాయింటు వేసి, విప్పేటప్పుడు ఆయన పెట్టిన సుద్ద గుర్తులు ఒకదానికొకటి కలిపి షాఫ్టు ఎక్కించాం. నాలుగు గంటలకు ఇంజను పలికింది.

జీపు వెనక నేల మీద బియ్యం గోతాలు పరిచి ఆయన్ను పడుకోబెట్టాం. దొర్లిపోకుండా నడుముకు దుప్పటి చుట్టి సీటు కాళ్లకు కట్టాం. తల ముందు వైపు, మా సీట్ల మధ్యకు వచ్చింది. మందుపాతరలు ఉన్నాయేమోనని పోలీసు పార్టీ వాగు దాకా ముందు నడిచి దారి చూసింది. వెనక మేము. వాగు దగ్గర ఫ్యాను బెల్టు తీసేశాను. ఫ్యాను తిరిగితే నీళ్లను ఇంజను మీదికి చిమ్ముతుంది. మొదటి గేరు. నీళ్లు తలుపు దాకా వచ్చాయి. మధ్యలో చక్రం ఒక రాయి ఎక్కి దిగింది. అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు బరువంతా వెనకకు పడింది, ఆయన చెప్పినట్టే. వెనక చక్రాలు జారాయి, మళ్లీ పట్టుకున్నాయి, పైకి నెట్టాయి.

ఫ్యాను బెల్టు మళ్లీ వేసి వేగం పెంచాను. ముప్పై. అద్దం మోగలేదు. నలభై. వాన చప్పుడు వినిపిస్తోంది. ఆ జీపులో కూర్చుని వాన చప్పుడు వినడం నాకు అదే మొదలు.

సెట్టు పలికింది. ఇన్‌స్పెక్టరు సారు గొంతు. "వాగు దాటిండ్రా? ఓవర్."

"దాటినం సార్. ఓవర్."

"పేషెంటు ఎట్లున్నడు? ఓవర్."

ఆపరేటరు వెనక్కి తిరిగాడు. "అన్నా. ఓ అన్నా." ఇంకోసారి గట్టిగా పిలిచాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అక్కా, పలుకుతలేడు."

బ్రేకు వేశాను. ఇంజను ఆపాను. టేకు ఆకుల మీద వాన తప్ప ఏమీ లేదు. ఇంతకాలం ఆ బండి చప్పుడే మా భయాలన్నిటినీ కప్పేసేది. ఇప్పుడు కప్పడానికి ఏమీ లేదు. సీటులో వెనక్కి తిరిగాను. ఆయన చెంప మూపురం మీద ఆనించి ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. నోరు కొద్దిగా తెరిచి ఉంది. చెయ్యి చాపడానికి నాకు ధైర్యం చాల్లేదు. అయినా చాపి, నుదుటి మీద పెట్టాను.

కాలిపోతోంది. ఆయన విసుగ్గా నా చెయ్యి తోసేశాడు.

"ఎందుకాపినవే?"

"నువ్వు పలుకకపోతివి అన్నా!"

"నిద్రవట్టింది చెల్లె. బండి ఊపుతలేదు గద" అని, చెంపను మళ్లీ అదే చోట సర్దుకున్నాడు. క్షణంలో గురక.

సెట్టు అరుస్తోంది. "పేషెంటు ఎట్లున్నడు? జవాబియ్యి. ఓవర్!"

ఆపరేటరు కళ్లు తుడుచుకుని బటను నొక్కాడు. "గురక పెడుతున్నడు సార్. ఇనుండ్రి." మైకును మూపురం దగ్గర పెట్టాడు.

అవతల క్యాంపులో చాలామంది ఒకేసారి నవ్విన చప్పుడు వచ్చింది.

చర్లలో అంబులెన్సు ఉంది. ఆయన్ను కదపొద్దు, నిద్రపోతున్నాడు, నేనే తీసుకుపోతానన్నాను. అంబులెన్సు నర్సు ఒప్పుకోలేదు. నాడి చూసి, వాళ్ల బండిలోనే ఎక్కించింది. నేను వెనకాలే భద్రాచలం దాకా వెళ్లాను. వీధి దీపాలు వెలిగే వేళకు దవాఖానాలో సూది మందు ఎక్కుతోంది. వారం తర్వాత ఆయన, మేం తెచ్చిచ్చిన పానాల పెట్టె భుజాన వేసుకుని దవాఖానా నుంచి నడిచే వెళ్లాడు.

ఆ డ్యూటీ ముగిసింది మరుసటి ఏడు ఎండల్లో. జీపును ఇంకో డ్రైవరుకు అప్పగించి, గోదావరి వంతెన దాటి బూర్గంపాడు వచ్చేశాను. ఆపరేటరు మీసం ఉంచుకున్నాడు. దీపావళికి పేపరు పైన ఉండే పెద్ద అక్షరాలు చదివాను కాబట్టి పందెం వాడిదే. మిగతావి ఇంటికొచ్చాక మా వాడలో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నాను.

ఊళ్లో అందరూ తుపాకుల గురించి అడుగుతారు. అడవిలో భయం కాలేదా అంటారు. అయింది. కానీ రాత్రి కళ్లు మూసుకుంటే నాకు వచ్చేది తుపాకీ కాదు. వానలో ఆగిన జీపు. ఒకప్పుడు ఎవరూ చెయ్యి పెట్టలేని ఆ ఇనప మూపురం మీద, గ్రీజు మరక ఉన్న చెంప ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్న ఒక మనిషి.