బంతి మీద ఐదు పేర్లు, ఒక గుర్తు

కుట్టుమిషను మీద ఉన్నది చుట్టకుదురు, అమ్మలూ. కుండలు దొర్లిపోకుండా కింద పెట్టుకునే కొబ్బరితాడు చుట్ట. నిన్న వీడియో కాల్లో చిన్నది "అమ్మమ్మా, దాని మీద ఏమీ లేదేంటి?" అని అడిగితే, పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను. పాలేమీ పొంగడం లేదు. తాతయ్యగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన ముందు చెబితే నా గొంతు లేస్తుందని భయపడ్డాను. అందుకే మీ ఇద్దరికీ రాస్తున్నాను.

దాని మీద ఒక వాలీబాల్ ఉండేది. తోలుది, బూటుకి ఉన్నట్టు లేసు కట్టే పాతకాలం బంతి. మేం పదో తరగతిలో ఉండగా అమలాపురంలో స్కూళ్ళ పోటీ గెలిచాం. కప్పు హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళింది. దాని మీద స్కూలు పేరుంది, మా పేర్లు లేవు. ఫోటో కూడా లేదు. మగపిల్లల జట్టుకి తీసేసరికే రీలు అయిపోయిందన్నారు. అరిగిపోయిన బంతిని మాత్రం మా డ్రిల్లు టీచరుగారు "తీసుకోండే" అని మాకు ఇచ్చేశారు.

ఆరుగురం దాని మీద పేర్లు రాసుకుందామనుకున్నాం. సిరాతో రాస్తే పోతుంది. నేను కొట్టడానికి బంతి ఎత్తి ఇచ్చే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళమ్మ మా వీధి బట్టలన్నీ ఉతికేది. మర్నాడు ఆ పిల్ల ఇంట్లోంచి నల్లజీడి గింజ తెచ్చింది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి అంచు మీద గుర్తు పెట్టేది దాని రసంతోనే. గింజలో సూది ముంచి ముంచి మా ఐదుగురి చేతా పేర్లు రాయించి, పైన సున్నం అద్దింది.

"ఎన్ని ఉతుకులు ఉతికినా పోదే ఇది. తోలు పోవాలి గానీ," అంది.

తన పేరు మాత్రం రాయలేదు. మూడు చుక్కలు పెట్టి, కింద ఒక గీత గీసింది.

"ఎవరింటి గుర్తే ఇది?" అన్నాను.

"మీ అందరిళ్ళకీ గుర్తులున్నాయి. మా ఇంటికే లేదు. మా బట్టలకి ఎవరు పెడతారు? ఇది మాది."

తర్వాత ఆమె అల్లవరం వైపు కాపురానికి వెళ్ళింది. నిరుడు పోయింది. ఆ గుర్తు ఈ భూమ్మీద మా ఇంట్లో, ఆ బంతి మీద మాత్రమే ఉండేది.

తాతయ్యగారి అద్దాల బీరువా సంగతి మీకు తెలుసు. సంతకాల బ్యాట్లు, గ్లోవులు, హాకీ బంతి, షటిల్ కాక్. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను, నా బంతి కూడా అందులో పెట్టకూడదా, దాని మీదా పేర్లున్నాయి కదా అని. ఆయన నవ్వారు. "ఇందులో చేరాలంటే పేపర్లో పడ్డ పేరుండాలే," అన్నారు. అందుకని నా మిషను మీద నేనే చుట్టకుదురు వేసి పెట్టుకున్నాను.

మొన్న వేసవిలో అమలాపురంలో వాలీబాల్ టోర్నమెంటు పెట్టారు. ఇండియా జట్టుకి ఆడిన అమ్మాయి ముఖ్య అతిథిగా వస్తోందని తెలిసింది. ఇక ఆయనకి వారం రోజులు అన్నం సయించలేదు. ఆ పిల్ల చేత దేని మీద సంతకం పెట్టించాలన్నదే ధ్యాస.

"టోపీ బావుంటాదంటావా?"

"బావుంటాదండి."

"ఏం బావుంటాది? అందరూ టోపీలే తెస్తారు. పోనీ కొత్త బంతి కొంటే? అబ్బే, కొట్లో కొన్నట్టు ఉంటాది. నాలాగే సంతకాలు పోగేసే ఆ రాజోలాయన దగ్గర అలాంటివి మూడున్నాయి. చూడగానే పాతదనం తెలియాలి."

"అయితే మీ చేతిరుమాలు పట్టుకెళ్ళండి. పెళ్ళినాటిది. చెమట పడితే తుడుచుకోడానికీ పనికొస్తాది."

"నీకంతా వేళాకోళమే," అన్నారు. అంటూ నా మిషను వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అయి ఉంటే ఊరెళ్ళేటప్పుడు ఆ బంతిని కూడా పట్టుకుపోయేదాన్ని.

మా చెల్లెలితో స్వామి కల్యాణానికి మురమళ్ళ గుడికి వెళ్ళి, వాళ్ళింట్లో ఒక రాత్రి ఉండి వచ్చాను. గుమ్మంలోకి రాగానే కొబ్బరినూనె వాసన. ఆయన అరుగు మీద బంతిని ఒళ్ళో పెట్టుకుని పాత పంచెతో తుడుస్తున్నారు.

"చూసేవా, ఎలా మెరుస్తుందో! ఉప్పుకాగితం మూడు ముక్కలు అరిగిపోయేయి. ఆ నల్లమరకలు ఓ పట్టాన పోలేదనుకో."

"మరకలా అండీ?"

"అదేనే, ఆ పిచ్చిరాతలు. స్టార్ సంతకానికి చోటుండద్దూ?"

చెక్కని నున్నగా చేసే కాగితంతో రుద్దారు, అమ్మలూ. తోలు పోతే గానీ పోదని ఆమె చెప్పిన మాట నిజం. ఈయన తోలే తీసేశారు. నేను చేతిసంచీ కింద పెట్టాను. నాకు అరవడం రాదు. అరవడం వచ్చినదాన్నయితే ఆ బీరువా అద్దాల్లో ఒక్కటీ మిగిలేది కాదు. ఒక్క పూట ఆగి నన్ను అడగలేకపోయారా? ఇంట్లో ఇన్ని వస్తువులుండగా, నాది అని నేను పెట్టుకున్న ఒక్కదాని మీదే చెయ్యి పడాలా?

మర్నాడు టోర్నమెంటుకి నేనూ వస్తానన్నాను. సంబరపడి ఆటో పిలిచారు.

పొడుగాటి పిల్ల, మోకాలికి పట్టీ. బంతి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "లేసు బంతి! వీటితో ఎలా ఆడేవారో! ఎవరిదండీ ఇది?"

"పాతదమ్మా, ఇంట్లో పడుంటే తెచ్చేను. ఇదిగో, ఇక్కడ పెట్టండి," అన్నారు తాతయ్యగారు.

"నాదమ్మా. మేం ఆరుగురం ఆడేం," అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తి నా వైపు చూసింది. "ఆయ్! మరి మీ ఆరుగురూ దీని మీద పేర్లు రాసుకోలేదాండీ? మేమైతే గెలిచిన బంతి వదలం."

నేను తాతయ్యగారి వైపు చూశాను. ఆయన పెన్ను మూత తీస్తున్నారు.

సంతకం పడలేదు. పెన్ను జారిపోయింది. మళ్ళీ రాస్తే అలుక్కుపోయింది. "నూనె రాసేరాండీ? ఇంక నిలవదండి," అని ఆ పిల్ల నొచ్చుకుంటూ, ఆయన జేబులోంచి తీసిన ఆహ్వానపత్రిక మీద సంతకం పెట్టి ఇచ్చింది. బీరువాలో ఇప్పుడున్నది ఆ కార్డే. ఇల్లు చేరేలోపు బంతి మీది ఆ నాలుగు గీతలూ ఆయన తెల్లచొక్కాకి అంటుకున్నాయి. ఆ చొక్కా నేను ఉతకలేదు. ఆ బీరువా దుమ్ము కూడా అప్పటి నుంచీ ఆయనే దులుపుకుంటున్నారు. బంతిని నా చీరల కింద పెట్టాను. వేలితో తడిమితే ఎక్కడా ఏమీ తగలదు.

ఆ సాయంత్రం ఆయన "పోనీలే, నీకింకో బంతి కొంటాను," అన్నారు. పేర్లే కదా, మళ్ళీ రాసుకోమన్నారు. మా ఐదుగురి పేర్లూ నేను రాయగలను. ఆ మూడు చుక్కలూ గీతా నేను పెడితే అది ఆమె గుర్తు అవుతుందా?

అప్పుడు ఆయన్ని ఒకటే అడిగాను. ఆయన టీవీ పెట్టుకున్నారు. మర్నాడు కాఫీ ఇస్తూ అడిగితే పంచదార తక్కువైందన్నారు. నెల తిరిగాక మళ్ళీ అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇంకెప్పుడూ అడగలేదు.

"ఏవండీ, రుద్దే ముందు ఒక్కసారైనా ఆ పేర్లు చదివేరా?"